శనగ చేలో హంసలు

ప్రశ్న: మాస్టారూ, మాది పుంగనూరు దగ్గర పల్లె. పోయిన డిసెంబరులో పెళ్ళికని కర్ణాటకలో గదగ్ జిల్లా లక్ష్మేశ్వర్ వెళ్ళాం. తెల్లారుజామున దారిలో ఒక శనగ చేలో పెద్ద పెద్ద బాతులు, వేలల్లో మేస్తున్నాయి. కారు ఆపి దిగేలోపే అన్నీ లేచిపోయాయి. అవేం పక్షులు? మన చెరువులకి అలా ఎందుకు రావు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆపడం వరకు బాగానే ఉందమ్మా, దిగడంతోనే చెడింది. కారుని అవి పెద్దగా పట్టించుకోవు. మనిషి కాలు కింద పెడితే మాత్రం ఆగవు. మేసే గుంపులో ఎప్పుడూ నాలుగైదు మెడలు నిటారుగా లేచి ఉంటాయి చూడండి, అవి కాపలా. ఈసారి అద్దం దించుకుని లోపలే కూర్చోండి.

బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక అడ్డంగా రెండు నల్లచారలు ఉంటే అవి పట్టెతల బాతులే. మంగోలియా, టిబెట్, మన లద్దాఖ్‌లలో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి హిమాలయాలు దాటి వస్తాయి. పరికరాలు కట్టి చూస్తే 7,000 మీటర్ల పైన ఎగిరినవీ ఉన్నాయి. వాటి రక్తం, పలచటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

మీరు వెళ్ళిన ఊరి పక్కనే మాగడి చెరువు ఉంది. వీటి వల్లే దానికి పేరు. 2024లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి కూడా ఎక్కింది. రిటైరైన ఏడాది నేనూ వెళ్ళాను. పగలంతా నీళ్ళలో కునుకు, చీకటి పడగానే 'ఆంగ్ ఆంగ్' అంటూ చేల మీదికి. పొద్దున వెళ్ళి చూస్తే శనగ మొక్కల కొసలు కత్తెరతో కత్తిరించినట్టున్నాయి, సాళ్ళ నిండా వేలెడంత పచ్చటి రెట్టలు. ఆ చేను అన్నదమ్ములిద్దరిది. తమ్ముడు "కొసలు మనమూ తుంచుతాం కదా సార్, పక్కకొమ్మలు వేస్తుందిలే" అంటాడు. అన్న రాత్రంతా తగరపు డబ్బా కొట్టి కళ్ళెర్రగా ఉన్నాడు. నేనైతే అన్న వైపే. కొస తుంచడం వేరు, వేల నోళ్ళు పడటం వేరు. డబ్బా కొట్టుకోవచ్చు గానీ చంపితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఇక మన చెరువులు. ఈ బాతుకి రెండూ పక్కపక్కనే కావాలి: పగలు భయం లేకుండా తేలడానికి వెడల్పాటి నీళ్ళు, రాత్రి మేయడానికి పొట్టి పైరున్న బయలు. మన దగ్గర చెరువు నిండేది ఈశాన్య రుతుపవనాల దయ మీద. నిండినా చుట్టూ మామిడి తోట, చెరకు, కర్రలు పాతిన టమాటా. వాటిలో ఇది దిగి ఏం మేస్తుంది? పలమనేరు వైపు ఒక చెరువులో నేను ఒకసారి పదకొండు చూశాను. మూడోరోజుకి లేవు.

వేల పక్షుల్ని చూడాలనే సరదా ఉంటే తడ వెళ్ళండి, పులికాట్‌లో రాజహంసలు కనిపిస్తాయి. పేరుకే రాజహంసలు, అవి ఫ్లెమింగోలు. మన పురాణాల హంస ఈ పట్టెతల బాతేనని కొందరు పండితుల మాట. అది విన్నాక తిరుమల బ్రహ్మోత్సవాల రెండోరోజు రాత్రి హంస వాహనం వస్తుంటే, నాకు తెలీకుండానే దాని తల వెనక చారలు వెతుక్కుంటుంటాను.