షావుకారు గొంతు తగ్గించు

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటిక చేరింది. రాత్రి కూర్చుని చదివాను, పొద్దున్నే లేచి షావుకారు సీన్లు మళ్లీ తిరగేశాను. పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాడివి, మా బరంపురం మగ్గాల మీద రాయాలనుకోవడం నాకు నచ్చింది. నేతింటి సంగతులు బాగానే పట్టావు. మగ్గం గుంట, రాట్నం, ఫొడా కుంభ అంచు, దేన్నీ వంక పెట్టడానికి లేదు. వంకంతా మనుషుల దగ్గరుంది.

నీ షావుకారు వచ్చింది మొదలు అరుస్తూనే ఉన్నాడు. నేతగాడు ఏడుస్తూనే ఉన్నాడు. మొదటి సీనులో ఎవరిది పైచెయ్యో ఆఖరు దాకా వాడిదే పైచెయ్యి. చివర్లో కలెక్టరు దిగి షావుకారు నోరు మూయిస్తాడు, తెర పడుతుంది. ఇంతసేపు అరిచినవాడి మీద ఇంకా గట్టిగా అరవగలవాణ్ణి తెచ్చావు, అంతే కదా బాబూ. పోటీల్లో ఉత్తమ ప్రతినాయకుడికి బహుమతి ఉన్నన్నాళ్లూ మన నాటికల్లో షావుకార్లు ఇలాగే గొంతు చించుకుంటారనుకో, అది వేరే గొడవ.

నేను చెప్పేది ఒకటే. రంగం మీదికొచ్చిన ప్రతివాడి దగ్గరా ఎదుటివాడు లాక్కోలేనిది ఏదో ఒకటి ఉండాలి. అది డబ్బే కానక్కర్లేదు, కుర్చీయే కానక్కర్లేదు. కలం పట్టే ముందే అదేమిటో నీకు తెలిసిపోవాలి.

హరిశ్చంద్ర కాటిసీను చూడని తెలుగువాడు ఉండడు గనక అదే తీసుకుందాం. పద్యాల మాట కాసేపు పక్కన పెట్టు. జాషువా శ్మశానం పద్యాలు కూడా తెచ్చి అందులో కలిపి పాడేవారు నటులు, జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ ఎత్తుకునేవారు. ఆ మోజులో సీను కట్టుబడిని ఎవరూ సరిగ్గా చూడలేదని నా అనుమానం. రాజ్యం పోయింది. ఆలుబిడ్డలు అమ్ముడుపోయారు. తనూ వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. అంతకన్నా దిక్కులేనివాడు ఆ నాటకంలో మరొకడు లేడు. మరి ఆ రాత్రి ఆ కాట్లో అధికారం ఎవరిది? అతనిదే! సుంకం కట్టందే శవాన్ని కాల్చనివ్వనని చెప్పగలవాడు అక్కడ అతనొక్కడే. చంద్రమతి బతిమాలుతుంది. ఒక్క ‘సరే’ అంటే అయిపోతుంది. అనడు గనకే జనం కదలకుండా కూర్చుంటారు. అన్నీ ఊడ్చుకుపోయినవాడి చేతికి ఒక్క అధికారం ఇచ్చి, దాన్ని సొంత కొడుకు శవం మీద వాడమన్నాడు ఆ కథ కట్టినవాడు. ఇంతకన్నా గొప్ప పన్నాగం నాటకంలో ఇంకోటి నాకు తెలీదు.

అందులోనే నక్షత్రకుణ్ణి చూడు. తపస్సు విశ్వామిత్రుడిది, బాకీ విశ్వామిత్రుడిది. వీడికంటూ ఉన్నది వెంటపడే హక్కు మాత్రమే. అయినా జనం గురువును వదిలేసి శిష్యుణ్ణి తిట్టుకుంటారు, ఊళ్లో బాకీల కోసం వెంటపడేవాళ్లందరికీ వాడి పేరే పెడతారు. అరువు అధికారం ఉన్నవాడు అసలువాడి కన్నా ఎక్కువ పీడిస్తాడు, ఎందుకంటే ఉత్తచేతులతో వెనక్కి వెళ్తే వాడి గతి ఏమవుతుందో వాడికి తెలుసు. నీ నాటికలో షావుకారు గుమస్తా ‘చిత్తం’ అనడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. షావుకారు నోట్లోని కరుకు మాటలన్నీ తీసి గుమస్తాకి ఇచ్చెయ్యి. షావుకారు నవ్వుతూ పిల్లల చదువులు అడగనీ. గుమస్తాని పంపిందెవరో జనమే పోల్చుకుంటారు. అప్పుడు పుడుతుంది షావుకారంటే అసలు భయం.

ఇక నేతగాడు. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడ్డాయని నువ్వే రాశావు. చీర మగ్గం మీద సగంలో ఉందనీ నువ్వే రాశావు. రెండింటినీ కలిపి చూడలేదేం? నూలు షావుకారుది, అడ్వాన్సు షావుకారుది, ఇల్లు ఆయన తాకట్టులో ఉంది. సగం నేసిన చీర మాత్రం నేతగాడి చేతిలో ఉంది. మిగతా సగం ఇంకొకడి చేత నేయిస్తే బిగువు మారుతుంది, చీర విప్పగానే తెలిసినవాళ్లు పట్టేస్తారు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. సీను ఇలా నడిపి చూడు.

షావుకారు గుమ్మంలోకి వచ్చాడు. మగ్గం చప్పుడు ఆగలేదు. ఎప్పుడూ అయితే ఆయన్ని చూడగానే ఆగేది. ఆయన అటూ ఇటూ చూశాడు, ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ‘దశమికి ముహూర్తం’ అన్నాడు. మగ్గం ఆడుతూనే ఉంది. ‘వినబడిందా?’ అన్నాడు. అప్పుడు నేతగాడు ఆపాడు. తలెత్తలేదు. నేసినంత మేరా అరచేత్తో ఒకసారి నిమిరి, ‘పోయిన్నెల కూలి కూడా అలాగే ఉండిపోయింది బాబూ’ అన్నాడు. అని ఊరుకున్నాడు, మళ్లీ మగ్గం కదపలేదు.

మొదట చప్పుడు ఆగకపోవడం పొగరు. తర్వాత ఆగిపోవడం బెదిరింపు. ఒక్క తిట్టు లేదు, కన్నీటిబొట్టు లేదు, షావుకారుకి మాత్రం చెమట పట్టింది. ఇంకో సంగతి మర్చిపోకు. ఈ బలానికి గడువుంది. చీర మగ్గం దిగిందా, నేతగాడు మళ్లీ మామూలు అప్పులవాడే. వాడు వేసే ప్రతి పోగూ వాడి బలాన్ని వాడే తగ్గించుకోవడం. నీ నాటికంతా ఆ గడువులోపల జరగాలి.

రాట్నం దగ్గర కూర్చున్న ముసలమ్మకి నువ్వు దగ్గు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆవిడ షావుకారుని చంటిపిల్లాడప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి అయ్యుండొచ్చు కదా. ఊరంతా బాబుగారంటుంటే ఆవిడొక్కతే ‘ఒరే’ అంటుంది. చాలు. ఆ ఒక్క మాటకి ఆయన భుజాలు కాస్త వంగితే హాలు దద్దరిల్లుతుంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగింది ఆఫీసు సీను దగ్గర. చేతికందిన దాన్ని నేలపాలు చేశావు. తండ్రికి ఒడియా అంతంతమాత్రం, చదవడం అసలే రాదు. ఒడియా బడిలో చదువుకుంటున్న పదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లాడు. అక్కడిదాకా బాగుంది. తీరా వెళ్లాక ఆఫీసరు చేత కూడా తెలుగే మాట్లాడించావు, జనానికి అర్థం కాదేమోనని! ఎక్కడి జనానికి? బరంపురంలోనా, రాయగడలోనా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది మొదలు మనవాళ్లు ఇంట్లో ఒకటీ ఆఫీసులో ఒకటీ మాట్లాడుకుంటూనే బతుకుతున్నారు. నీ నాటిక చూడబోయే హాలుకి రెండూ వచ్చు. అది తెనాలిలో రాసేవాడికి లేని అదృష్టం.

ఆఫీసరు ఒడియాలోనే నాలుగు ముక్కలు గబగబా చెప్పనీ. నీ పేరు మీద సొసైటీలో లోను ఎప్పుడో ఎత్తేశారు, వేలిముద్ర కూడా ఉంది, ఇంక నీకు రాదు అని. తండ్రి కొడుకు మొహంలోకి చూసి ‘ఏటంతన్నాడ్రా?’ అంటాడు. పిల్లవాడు నోరు తెరిచి, మూసి, ‘సోమారం రమ్మంతన్నాడు’ అంటాడు. తండ్రి ఆఫీసరుకి దండం పెట్టి లేస్తాడు. హాల్లో అందరికీ తెలుసు, తండ్రికి తప్ప. ఆ నిమిషాన రంగం మీద అందరికన్నా బలవంతుడు నిక్కరు వేసుకున్న ఆ కుర్రాడు. ఆ బలం వాడు కోరుకున్నది కాదు, మొయ్యలేడు కూడా. వాడు ఎందుకు దాచాడో, ఇంటికెళ్లాక ఎవరికి చెబుతాడో, అక్కణ్ణుంచి నీ నాటిక దానంతటదే నడుస్తుంది. వేలిముద్ర ఎవరు వేయించారో నువ్వే తేల్చుకో, నేను చెప్పను.

ఈ కట్టు మనకి కొత్తదేం కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గిరీశం అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో తిష్ఠ వేసింది దీంతోనే. ఏదీ ఇంగ్లీషు మాట్లాడండి అని వెంకమ్మ ముచ్చటపడితే గురుశిష్యులిద్దరూ నోటికొచ్చింది వల్లిస్తారు, ఆవిడ మురిసిపోతుంది, ఇంగ్లీషు వచ్చిన ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. గురజాడ దాంతో నవ్వించాడు. నువ్వు దాంతోనే కడుపులో చెయ్యి పెట్టి దేవొచ్చు.

గిరీశం దగ్గరే ఇంకొంచెం ఆగు. సౌజన్యారావు పంతులంతటి ప్లీడరు కూడా అతని మాటలకి పడిపోయాడు. మరి ఆ మాటల్ని కూల్చిందెవరు? ఇంకా పెద్ద మాటకారి కాదు, పోలీసూ కాదు. అతని సంగతులన్నీ తెలిసిన మధురవాణి. మర్యాదస్తులెవరూ పగలు గడప తొక్కమని చెప్పుకునే మనిషి, అందరి గుట్టూ ఆవిడ దగ్గరే ఉంది. చూశావా, ఒక రకం బలాన్ని పడగొట్టడానికి వేరే రకం బలం వచ్చింది. నీ కలెక్టరుని నేను ఒప్పుకోనిది ఇందుకే. షావుకారుది అధికారం, కలెక్టరుది ఇంకాస్త పెద్ద అధికారం. అలా లెక్క తేలితే అది ఫైలవుతుంది గానీ నాటకం అవదు. కలెక్టరుని తీసెయ్యి. కుర్రాడు, ముసలమ్మ, సగం చీర. ఈ మూడూ చాలు షావుకారుకి.

మన గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఆడితే ఒకసారి వెళ్లి చూడు. జలంతర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ పేరుతో 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న ఆట. ఒడియాలో ఆడతారు, మన చెవికి సంగీతం అంత పరాయిగా ఉండదు. మెట్లు మెట్లుగా వేదిక కడతారు, పైన హిరణ్యకశిపుడి సింహాసనం. ఆ వేషగాడు మండిపడుతూ, ఎగురుతూ ఆ మెట్లు దిగి వస్తుంటే గుండెలదురుతాయి. కానీ చూసిన ప్రతిసారీ నాకనిపిస్తుంది, దిగి రావలసిన పని ఆయనకే పడింది, పిల్లవాడు ఉన్నచోటే ఉన్నాడు అని. లోకాలన్నీ గెలిచినవాడికి ఒక చిన్న నాలుక లొంగలేదు. నీ షావుకారు కూర్చోవాలా, నిలబడాలా, నేతగాడి కోసం మగ్గం గుంట దగ్గర వంగాలా అన్నది నువ్వే రాసిపెట్టు, దర్శకుడికి వదలకు. పాండవోద్యోగ విజయాలు పడకసీనులో నిద్రపోయే కృష్ణుడికి ఎవరు తలాపున కూర్చున్నారు, ఎవరు కాళ్ల దగ్గర కూర్చున్నారు అన్నదే కథ కదా.

వీలుంటే రెండో సగాన్ని ఠాకురాణి జాతర రోజుల్లోకి మార్చు. రెండేళ్లకోసారి చైత్రంలో బుడీ ఠాకురాణి పుట్టింటికొస్తుంది, ఆ పుట్టిల్లు డెరా అనే నేతకులానికి పెద్ద అయిన దేశీబెహరాది. ఊరి అమ్మవారికి తండ్రి వరస నేతకులం పెద్దది. ఆ రోజుల్లో నీ షావుకారు ఎవరి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలో ఆలోచించు. ఉపన్యాసం మాత్రం పెట్టకు.

ఒడియా డైలాగులు తెలుగులో అనుకుని మార్చి రాయకు, వీధిలో ఒడియా ఇంటివాళ్ల చేత చెప్పించుకుని రాసుకో. ఆఫీసరు వేషం మన యాస తగలని వాడికి ఇవ్వు, లేకపోతే సీను నవ్వులపాలవుతుంది. కుర్రాడు ‘సోమారం’ అనేటప్పుడు వేలాడే మైకు కిందే నిలబడి ఉండాలి, అరిచి చెప్పే మాట కాదది. దసరా లోపల రెండో ప్రతి పంపితే మా రిహార్సల్ గదిలోనే చదివించి చూద్దాం. ముసలమ్మ వేషానికి మనిషిని మాత్రం ఇప్పట్నుంచే వెతుక్కో, ‘ఒరే’ అని సరిగ్గా అనగలిగేవాళ్లు దొరకడం కష్టం.

ఆశీస్సులతో
మీ మాస్టారు