ఫ్రెండ్‌తో కలిసి పాత సిరీస్ చూడటం భారమైపోతోంది, మానేస్తే బాధపడుతుందేమో

హాస్టల్లో కలిసి చూసిన, అంతరిక్ష నౌకలో జరిగే ఇంగ్లిష్ సిరీస్ స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్‌ని ఇప్పుడు మీరు హైదరాబాద్‌లో, మీ ఫ్రెండ్ న్యూజెర్సీలో ఉండి ప్రతి శనివారం రాత్రి పదకొండుకి వీడియో కాల్ పెట్టుకుని మొదట్నుంచి చూస్తున్నారు, ఆవిడేమో ఒక్క ఎపిసోడ్ కూడా వదలనంటోంది, మీకేమో నిద్ర, బాబు చదువు, పైగా ఈ వయసులో ఇదేంటని మీవారి సణుగుడు, దాంతో మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఆవిడ కనిపెట్టి "ఇష్టం లేకపోతే చెప్పేయవే" అని కాల్ కట్ చేసింది. మధ్యలో ఒక్క లైన్లో, పోయినేడాది వాళ్లమ్మ పోయారనీ రాశారు. నేను అక్కడే ఆగిపోయానమ్మా.

మీ అలసట తప్పేం కాదు. 178 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంట, వారానికొకటి అంటే మూడేళ్ల పైమాటే. ఫస్ట్ సీజన్ వీక్ అని ఫ్యాన్సే అంటారు, సెకండ్ సీజన్ లాస్ట్ ఎపిసోడ్ చాలావరకు పాత సీన్లు అతికించిందే. వాటికోసం నిద్ర పాడుచేసుకోలేనని చెప్పొచ్చు. చెప్పకుండా ఫోన్ చూసుకోవడమే ఆవిడకి గుచ్చుకుంది.

అమ్మ పోయాక అంత దూరంలో ఉన్న మనిషికి వారంలో ఫలానా టైముకి మీరు కనిపిస్తారన్న భరోసా కావాలేమో, అందుకే వరస తప్పనివ్వట్లేదేమో. నా ఊహే ఇది, మీరే అడగండి. మెసేజ్ పెట్టకండి, కాల్ చెయ్యండి. ఫోన్ చూసుకున్నందుకు సారీ చెప్పి, "రాత్రి ఎనిమిదికి మార్చుకుందామే, రెండు వారాలకొకటి మంచివి ఏరుకుని చూద్దాం, మిగతా శనివారాలు ఊరికే మాట్లాడుకుందాం" అనండి. మీ ఎనిమిదంటే అక్కడ పొద్దున పదిన్నర, చలికాలం తొమ్మిదిన్నర, ఆవిడకీ ఇబ్బంది ఉండదు. ఎపిసోడ్లు తగ్గించండి గానీ శనివారాన్ని మాత్రం తీసెయ్యకండి.

ఏరేటప్పుడు ఒకటి చూసుకోండి. నాలుగో సీజన్లో 'ఫ్యామిలీ' అని 1990లో వచ్చిన ఎపిసోడ్ ఉంది, మనుషుల్ని పట్టుకుని సగం యంత్రాలుగా మార్చేసే బోర్గ్ అనే శత్రువుల చేతిలో నలిగిపోయిన ఓడ కెప్టెన్ పికార్డ్ ఫ్రాన్స్‌లో అన్న దగ్గరికెళ్లి, ద్రాక్షతోట బురదలో ఆయనతో కొట్లాడి అక్కడే ఏడ్చేస్తాడు. అందులోనే ఓడ డాక్టర్ కొడుకు వెస్లీ, తను పసివాడిగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న రికార్డ్ చేసి పెట్టిన మెసేజ్ చూస్తాడు, ఆ నాన్న ఎప్పుడో చనిపోయాడు. మీ ఫ్రెండ్‌కి అది ఓదార్పూ అవ్వచ్చు, తట్టుకోలేనిదీ అవ్వచ్చు. ముందే గుర్తుచేసి "చూడగలవా" అని అడగండి. వద్దంటే డేటా అనే మనిషిలాంటి రోబో మనిషా వస్తువా అని విచారణ జరిగే 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' పెట్టుకోండి, వాదించుకోవడానికి బోలెడుంది. చూస్తానంటే ఆ రోజు ఫోన్ పక్క గదిలో పెట్టేసి, అయిపోగానే బై చెప్పకుండా కూర్చోండి, అమ్మ గురించి మాట్లాడితే మాట్లాడనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి, మధ్యలో ధైర్యం చెప్పబోకండి.

తిండీ నిద్రా లేకుండా గడుపుతోందని గానీ, బతకాలని లేదని గానీ ఆవిడ మాటల్లో వినిపిస్తే మాత్రం ఆగొద్దు, అక్కడి డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ వెంటనే కలిసేలా చూడండి. ఇక మీవారికి మీ ఫ్రెండ్ వాళ్లమ్మ సంగతి చెప్పి, శనివారం రాత్రి బాబు చదువు ఆయన్నే చూసుకోమనండి.