బాప్తిస్మం ‘పొందాడా’, ‘తీసుకున్నాడా’?

సందేహం: మా అబ్బాయి గురించి నేనొక చిన్న వ్యాసంలో ‘బాప్తిస్మం తీసుకున్నాడు’ అని రాశాను. అది తప్పు, ‘పొందాడు’ అనాలి అన్నారు ఒక పెద్దాయన. మరొకరేమో ‘జ్ఞానస్నానం చేశాడు’ అని దిద్దారు. ఏది సరైనది? అసలు బాప్తిస్మం, జ్ఞానస్నానం అనే ఈ రెండు మాటలకూ అర్థం ఒకటేనా?

సమాధానం: మీరు రాసింది తప్పు కాదు. ఆ పెద్దాయన చెప్పిన మాటా సరైనదే. దిద్దాల్సింది మూడోదాన్ని.

‘బాప్తిస్మం’ గ్రీకు నుంచి వచ్చింది. దానికి మూలమైన క్రియకు ముంచడం అని అర్థం. క్రైస్తవ విశ్వాసంలో ఇది ఎవరికి వారు చేసుకునేది కాదు, ఒకరు ఇవ్వగా మరొకరు అందుకునేది. యేసు అంతటివాడు కూడా యొర్దాను నదిలో యోహాను చేత బాప్తిస్మం పొందాడని సువార్తలు చెబుతున్నాయి. మత్తయి సువార్త చివర శిష్యులకిచ్చిన ఆజ్ఞలో ‘బాప్తిస్మమిచ్చుచు’ అనే ఉంది. కాబట్టి ఇచ్చేవారు ఇస్తారు, పుచ్చుకునేవారు పొందుతారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో గురువు ‘నేను ఇస్తున్నాను’ అని కూడా అనడు, ‘దేవుని సేవకుడు ఫలానావాడు బాప్తిస్మం పొందుతున్నాడు’ అంటాడు. ఇచ్చేది దేవుడే అన్న భావం ఆ వాక్యంలో ఎంత బలంగా ఉందో చూడండి!

మరి ‘తీసుకోవడం’ సంగతేమిటి? ‘తీసుకొను’ అన్న ఆ క్రియలో ‘కొను’ ఉంది. తన కోసం, తన ఇష్టంతో అన్న భావాన్ని మన క్రియలకు చేర్చేది అదే. గ్రీకులోనూ ఇలాంటి పనికి ప్రత్యేకమైన క్రియారూపం ఉంది. అపొస్తలుల కార్యాలు 22వ అధ్యాయంలో అననీయ అనే శిష్యుడు పౌలుతో, లేచి బాప్తిస్మం పొంది నీ పాపాలు కడిగేసుకో అంటాడు. గ్రీకు మూలంలో ఆ రెండు క్రియలూ సరిగ్గా ఆ రూపంలోనే ఉన్నాయి. తెలుగు బైబిలు ‘కడిగివేసికొనుము’ అని రెండోదానికి ‘కొను’ చేర్చింది. మొదటిదాన్ని వాడుక తెలుగులో చెప్పాల్సి వస్తే నేనైతే ‘బాప్తిస్మం తీసుకో’ అనే అంటాను. ఇచ్చేవాడు వేరే ఉన్నాడన్న భావానికి దీనివల్ల లోటేమీ రాదు. సలహా తీసుకున్నాం అంటే ఎవరో ఇచ్చారనే కదా.

అయితే ‘తీసుకున్నాడు’ అన్నిచోట్లా పొసగదు. కాథలిక్, ఆర్థడాక్స్, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు శిశువులకు కూడా బాప్తిస్మం ఇస్తాయి. నెలల పాప ‘తీసుకుంది’ అంటే వాక్యం కుదరదు. ‘పాప పొందింది’ అనో ‘పాపకు ఇప్పించారు’ అనో అనాలి. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే, అదీ నీళ్లలో పూర్తిగా ముంచి ఇస్తారు. క్రీస్తుతో పాతిపెట్టబడి, ఆయనతో కొత్త జీవంలోకి లేవడం అని రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం చెప్పే అర్థం అక్కడ కంటికి కనిపిస్తుంది. ఆ నిర్ణయం మనిషిదే కనుక ‘తీసుకున్నాడు’ అక్కడ చక్కగా అమరుతుంది. మీ అబ్బాయి తెలిసిన వయసులో తానే ముందుకొచ్చి ఉంటే మీ వాక్యాన్ని మార్చకండి.

ఇక జ్ఞానస్నానం. కాథలిక్కులు ఎక్కువగా వాడే మాట ఇది, ప్రొటెస్టెంట్లు ‘బాప్తిస్మం’ అంటారు. సూచించే సంస్కారం ఒక్కటే. ‘జ్ఞానం’ ఎందుకొచ్చింది, బాప్తిస్మానికి చదువుతో పనేమిటి అని కొందరు తీసిపారేస్తుంటారు. నాకది చాలా అందమైన మాట. తీతుకు రాసిన పత్రికలో ‘పునర్జన్మసంబంధమైన స్నానము’ అని ఉంది. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ఈ స్నానాన్ని ‘వెలిగింపు’ అంటారని, దీన్ని నేర్చుకునేవారి మనసు వెలుగు పొందుతుందని రాశాడు. ఆ వెలుగూ ఆ స్నానమూ రెండూ మన సమాసంలో ఉన్నాయి.

కాని ‘స్నానం’ అనగానే వెనకాలే ‘చేయు’ వచ్చేస్తుంది. మీ వాక్యాన్ని దిద్దినవారు అక్కడే పొరబడ్డారు. ‘జ్ఞానస్నానం చేశాడు’ అంటే తనంతట తానే చేసుకున్నట్టుంటుంది. ‘పొందాడు’, ‘స్వీకరించాడు’ అనాలి.

వర్ణక్రమం సంగతి: ‘బాప్తీస్మం’ అని దీర్ఘంతో రాసేవారున్నారు గాని, తెలుగు బైబిల్లో ఉన్నది ‘బాప్తిస్మము’. హ్రస్వమే మేలు.

మీరు అడగకపోయినా మరొక్కటి. ‘బాప్తిస్మం తీసుకున్నాడు’ అన్నదానికి బదులుగా కొందరు ‘మతం మారాడు’ అని రాస్తుంటారు. ఇవి పర్యాయపదాలు కావు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవారు కూడా ఇరవై ఏళ్లకో నలభై ఏళ్లకో బాప్తిస్మం తీసుకోవచ్చు, వాళ్లు మారిన మతం ఏదీ లేదు. అలాగే, పసితనంలో ఇచ్చినప్పుడు పేరు కూడా పెట్టడం ఉంది కనుక ‘నామకరణం’ అని రాసేవారున్నారు. పేరు పెట్టడం అందులో ఒక భాగం కావచ్చు గాని, అదే బాప్తిస్మం కాదు.