సోడియం నీటిలో కరుగుతుందా?

సందేహం: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకంలో సోడియం, పొటాషియంలను ‘క్షార ధాతు’ అన్నారు. నేను ‘క్షార లోహాలు’ అంటే, “లోహమంటే లుహా, ఇనుము కదమ్మా! సోడియం ఇనుమెలా అవుతుంది?” అని నవ్వుతోంది. మనమూ క్షార ధాతువు అనొచ్చా? ఇంకొకటి. ‘సోడియం నీటిలో కరిగి క్షారం అవుతుంది’ అని నేను చెప్పిన వాక్యం తప్పంటాడు మా తమ్ముడు. తప్పెక్కడుంది?

సమాధానం: మీ అమ్మాయి నవ్వడంలో న్యాయం ఉంది. సంస్కృతంలో ‘లోహ’ అంటే ముందు ఎర్రనిది, రాగి. ‘లోహితం’లో కనిపించేదీ ఆ ఎరుపే. తర్వాత ఆ మాట ఇనుముకు వచ్చింది, ఆపైన అన్ని లోహాలకూ పాకింది. ఒడియా ‘లుహా’ ఇనుము దగ్గరే ఆగింది, తెలుగు ‘లోహం’ చివరిదాకా వెళ్ళింది. లేకపోతే పంచలోహ విగ్రహమంటే అయిదు రకాల ఇనుముతో పోసిన విగ్రహం అనుకోవాలి.

‘ధాతువు’కు మన దగ్గర వేరే పనులున్నాయి. వ్యాకరణంలో అది క్రియకు మూలం. ఆయుర్వేదంలో రసం, రక్తం మొదలైన ఏడింటిలో ఒకటి. రసాయన పాఠంలో లోహాన్ని తీసే ముడి ఖనిజం. అందుచేత ‘క్షార ధాతువు’ అంటే తెలుగు మాధ్యమం పిల్లవాడు గనిలో తవ్విన రాయి అనుకునే ప్రమాదం ఉంది. అమ్మాయి పరీక్షలో ‘ధాతు’ అనే రాయనివ్వండి, మీరు ఇంట్లో ‘లోహం’ అనే అనండి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఇదేం పెద్ద బరువు కాదు.

అసలు చిక్కు ‘క్షార’లో ఉంది. క్షారమంటే నీటిలో కరిగి, ఆమ్లాన్ని విరిచే పదార్థం, ఇంగ్లీషులో ఆల్కలీ. ‘క్షార లోహం’ అనగానే చాలామంది ‘క్షారమైన లోహం’ అని విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే వాక్యం, చెప్పేస్తారు. నల్లకలువ, తెల్లగుర్రం లాగా అన్నమాట. కాదు. కత్తితో కోయగలిగినంత మెత్తగా, కోసిన చోట వెండిలా మెరిసి గాలి తగలగానే మసకబారే సోడియం ముక్క క్షారం కాదు. అది నీటితో కలిస్తే పుట్టేది క్షారం. కనుక ‘క్షారాన్నిచ్చే లోహం’ అని చెప్పుకోవాలి, మధ్యలో మాట లోపించిన సమాసం. తేనెటీగలో ఈగ తేనె కానట్టే. సమాసం గనక ‘క్షారలోహాలు’ అని కలిపి రాయడం నాకిష్టం. విడదీసి రాసే పాఠ్యపుస్తకాలతో పేచీ లేదు.

పేరు ఇలా రావడానికి చరిత్ర కూడా ఒక కారణం. క్షారం మనుషులకు వేల ఏళ్ళుగా తెలుసు, లోహం చాలా ఆలస్యంగా బయటపడింది. 1807లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) లోకి విద్యుత్తు పంపి పొటాషియాన్ని తీశాడు. కొద్దిరోజుల తేడాతో కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) నుంచి సోడియాన్ని తీశాడు. అప్పటికే మన ఇళ్ళలో వీటి బంధువులకు పేర్లున్నాయి. కంసాలులు అతుకులకు వాడే వెలిగారంలో సోడియం ఉంది, మందుగుండులో కలిపే సురేకారంలో పొటాషియం ఉంది. ఆ ‘గారం’, ఈ ‘కారం’ రెండూ క్షారమే. నేటి శాస్త్రం ఈ రెంటినీ లవణాలంటుంది. పాతవాళ్ళకు అంత పట్టింపు లేదు. నిఘంటువుల లెక్కన మిరపకాయ కారం కూడా ఈ వంశంలోదే!

ఇక మీ తమ్ముడి అభ్యంతరం. అతని మాటే సరి, కానీ సగమే. తెలుగులో ‘కరుగు’ రెండు పనులు చేస్తుంది. వెన్న వేడికి కరుగుతుంది, చక్కెర నీళ్ళలో కరుగుతుంది. మొదటిది ఘనం ద్రవమవడం, రెండోది ద్రావణంలో కలిసిపోవడం. సోడియం సుమారు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. చిన్న ముక్కను నీటిమీద వేస్తే, చర్యలో పుట్టే వేడికే అది కరిగి మెరిసే గుండు అవుతుంది. నీటికన్నా తేలిక గనక మునగదు. సుయ్‌మంటూ, హైడ్రోజన్‌ను వదులుతూ నీటిమీద పరుగులు తీస్తుంది. ఇక్కడ ‘కరిగి’ అనడం నూటికి నూరుపాళ్ళు ఒప్పు.

తప్పంతా ‘నీటిలో’ అన్న చోట ఉంది. చక్కెర నీళ్ళను మరిగించి ఇగరబెడితే చక్కెర తిరిగి వస్తుంది. సోడియం వేసిన నీళ్ళను ఇగరబెడితే సోడియం రాదు, కాస్టిక్ సోడా మిగులుతుంది. మీ ఊరి పక్క జేకేపూర్ కాగితం మిల్లులో గుజ్జు తీయడానికీ, కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికీ వాడేది దీన్నే. అక్కడి కార్మికులు ‘కాస్టిక్’ అంటారు, ఆ మాటకు తెలుగు వెతకనక్కర్లేదు. సోడియం విషయంలో నీరు ఒట్టి పాత్ర కాదు, చర్యలో భాగస్వామి. కాబట్టి ‘లో’ తీసి ‘తో’ పెట్టాలి: నీటితో చర్య జరుపుతుంది. కిరసనాయిల్‌కు మాత్రం ‘లో’ సరిపోతుంది, ఎందుకంటే సోడియం దానితో ఏ చర్యా జరపదు. అందుకే అందులో ముంచి దాచుతారు. లిథియం కిరసనాయిల్ మీద కూడా తేలిపోతుంది కనుక దానికి వాజెలైన్ పూత వేస్తారు.

ఈ లోహాల వరసను అమ్మాయికి చెప్పడానికి మన ధ్వన్యనుకరణాలు భలే పనికొస్తాయి. లిథియం నీటిమీద బుసబుసమంటుంది, సోడియం సుయ్‌మంటుంది, పొటాషియం లేత ఊదారంగు మంటతో భగ్గుమంటుంది, సీజియం ఢామ్మంటుంది. మూలకాల పట్టికలో ఈ వరస కిందికి పోయేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, చివరి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు సడలుతుంది, ఆ ఎలక్ట్రాన్ సులువుగా జారిపోతుంది. ఇవి నోటితో చెప్పుకోవలసిన చప్పుళ్ళు, ఇంట్లో చేసి చూడవలసినవి కావు.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘సోడియం నీటితో చర్య జరిపి, ఆ వేడికి కరిగి, హైడ్రోజన్‌ను వదిలి, నీటిలో క్షారాన్ని మిగులుస్తుంది.’ మీ ‘కరిగి’ ఇందులో అలాగే ఉంది. తమ్ముడికి చూపించండి.