గీత మీద నిలబడు, బిడ్డా

నల్లగొండ
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇండియా జూనియర్ అమ్మాయిల ఫుట్‌బాల్ క్యాంపుకు నీకు పిలుపొచ్చిందని చెప్తూ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఎన్జీ కాలేజీ గ్రౌండ్ దాకా నడిచిపోయి, ఎవరూ లేని ఆ గ్రౌండ్‌లో కుడి పక్క కాసేపు నిలబడి వచ్చాను. సంతోషం ఎంత ఉందో గుబులు కూడా అంతే ఉంది. ఫోన్‌లో చెప్తే నువ్వు "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. బస్సులో కూర్చున్నాక తీరిగ్గా చదువు.

మామూలు మాటలు ముందు చెప్పేస్తాను. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఒక కవర్లో, జిరాక్సులు ఇంకో కవర్లో పెట్టుకో. కొత్త బూట్లు కొని నేరుగా క్యాంపులో వేసుకోకు, కరుస్తాయి. రాత్రి పదింటికల్లా ఫోన్ పక్కన పెట్టు. హిందీ సరిగా రాదని సిగ్గుపడకు, అర్థం కాకపోతే మళ్లీ అడుగు.

ఇక నీ ఆట సంగతి. వాళ్లు నిన్ను పిలిచింది నీ పరుగు చూసి. ఆ పరుగు జట్టుకు ఎలా పనికొస్తుందో నీకు ఇంకా పూర్తిగా తెలియదని నా అనుమానం.

ముందు వరసలో పక్క గీత వెంట ఆడేవాళ్లను మా కాలంలో వింగర్ అనేవాళ్లం కాదు. రైట్ అవుట్, లెఫ్ట్ అవుట్ అనేవాళ్లం. నువ్వు సున్నపు గీతను ఆనుకొని నిలబడ్డావనుకో. వెనక వరసలో ఆ పక్కన నిన్ను కాచుకునే ఫుల్‌బ్యాక్ ఒక్కసారి నీ పరుగు చూశాక ఇక నీ మీదికి రాదు, నాలుగు గజాలు వెనక్కి పోయి నిలబడుతుంది. ఆమె పోతే పక్కన నడుమ కాచే సెంటర్ బ్యాక్ కూడా పోవాలి, లేకపోతే వాళ్ల ఆఫ్‌సైడ్ వరస చెడుతుంది, అంటే ఆ వరస దాటి ముందే నిలబడ్డవాళ్లకు బాల్ ఇవ్వకూడదన్న నియమం వాళ్లకు అక్కరకు రాదు. అలా నలుగురూ దిగుతారు. వాళ్ల మిడ్‌ఫీల్డర్లు మాత్రం బాల్ కోసం పైనే ఉంటారు. ఆ రెండు వరసల నడుమ ఖాళీ పడుతుంది. మన ఇన్‌సైడ్ ఫార్వర్డ్, ఇప్పుడు నంబర్ టెన్ అంటున్నారు, ఆ ఖాళీలో బాల్ అందుకొని గోల్ వైపు తిరుగుతుంది. గోల్ ఆమె కొడుతుంది, పేపర్లో ఫోటో ఆమెదే వస్తుంది. నువ్వు బాల్ ముట్టకుండానే ఆ ఖాళీ చేసిపెట్టావు.

క్లబ్బులో అయితే ఏడాదంతా కలిసి ఆడతారు, ఒకరి అడుగు ఒకరికి తెలుస్తుంది. దేశం జట్టుకు అంత వీలుండదు. తలా ఒక చోటి నుంచి వస్తారు, కొన్నాళ్లు క్యాంపు, ఆ వెంటనే మ్యాచ్. సన్నని అల్లిక పాస్‌లు కుదరడానికి టైం చాలదు. వేగానికి మాత్రం పెద్దగా కుదుర్చుకోవాల్సిన పని లేదు. వెనక నుంచి ఒకరు బాల్‌ను ఫుల్‌బ్యాక్ వెనక్కి కొడితే చాలు, నువ్వు పరుగెత్తుతావు. దేశం జట్ల కోచ్‌లు వేగమున్న వింగర్ కోసం అంతగా వెతకడానికి అదొక కారణం.

స్పెయిన్‌ను చూడు. 2018 ప్రపంచ కప్‌లో రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చి కూడా ఒకటి ఒకటితో ఆగి, పెనాల్టీల్లో ఓడిపోయారు. 2022లో మొరాకో మీద అసలు గోలే పడలేదు, మళ్లీ పెనాల్టీల్లోనే పోయింది. బాలంతా వాళ్ల దగ్గరే ఉంది, ఎదుటివాళ్ల వరసను మాత్రం కదిలించలేకపోయారు. 2024 యూరో కప్‌కు కుడివైపు లమీన్ యమాల్, ఎడమవైపు నికో విలియమ్స్ వచ్చారు. ఏడు మ్యాచ్‌లకు ఏడూ గెలిచారు. ఫైనల్లో ఇంగ్లండ్ మీద 47వ నిమిషంలో పడ్డ గోల్ ఫోన్‌లో వెతికి చూడు. యమాల్ కుడివైపు నుంచి బాల్‌తో లోపలికి వస్తుంటే ఇంగ్లండ్ డిఫెన్స్ చూపంతా అతని మీదే. అప్పుడు అటుపక్క విలియమ్స్‌కు జాగా దొరికింది. ఒక్క పాస్, గోల్. యమాల్‌కు పదిహేడేళ్లు నిండింది దానికి ముందు రోజే. ఇంచుమించు నీ ఈడే.

స్పెయిన్ సంగతి మనకెందుకు అంటావేమో. గీత పక్క ఆడేవాళ్లు గెలిపించిన కథ మనకూ ఉంది, అది మన హైదరాబాద్ రహీం సాబ్ కథ. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించాం. మొదటి గోల్ కొట్టింది రైట్ అవుట్ పి.కె. బెనర్జీ. రెండోది జర్నైల్ సింగ్, తలకు కుట్లు పడ్డ డిఫెండర్‌ను రహీం సాబ్ ముందు వరసలో ఆడించారు. మన సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఏడాది తిరగకముందే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. చిన్నప్పుడు ఈ కథ మా సారు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు, చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు పూడుకుపోయేది.

అమ్మాయిల సంగతికొస్తే, 2021లో బ్రెజిల్ మీద మనీషా కల్యాణ్ ఎదురుదాడిలో పరుగెత్తి కొట్టిన గోల్ నీకు తెలుసు. మ్యాచ్ ఆరు ఒకటితో పోయింది. అయినా అంత పెద్ద జట్టు మీద మనకు దక్కిన ఆ ఒక్క గోల్ పరుగుతోనే దక్కింది. బాల్ ఎక్కువసేపు మన దగ్గర ఉండని మ్యాచ్‌లో నీలాంటి పిల్లే జట్టుకు ఊపిరి. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడుతోంది, క్రొయేషియా దాకా పోయి క్లబ్బుకు ఆడి వచ్చింది. కాబట్టి మన తెలంగాణ అమ్మాయికి ఇది అందని చోటేమీ కాదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను. పోయినసారి మేకల అభినవ్ స్టేడియంలో నీ మ్యాచ్ చూశాను. రెండో సగంలో బాల్ రావడం లేదని గీత వదిలి నడుమకు వచ్చావు. వచ్చి గోల్ కూడా కొట్టావు, అందరూ నిన్ను ఎత్తుకున్నారు. నేను మాత్రం ఏమీ అనకుండా ఇంటికి వచ్చేశాను. తాతకు నా గోల్ నచ్చలేదా అని నువ్వు అడిగావట, మీ అమ్మ చెప్పింది. కారణం ఇప్పుడు చెప్తున్నాను. మీ అమ్మకు కూడా ఇది తెలియదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు స్టేట్ టీమ్ సెలక్షన్ కోసం హైదరాబాద్‌లో మ్యాచ్. మన జిల్లా నుంచి నేను రైట్ అవుట్, నా పక్కన ఇన్‌సైడ్ రైట్‌లో నా దోస్తు. మర్రిగూడెం దిక్కు పిల్లోడు. చిన్నప్పటి నుంచి ఇద్దరం ఒక్క జత బూట్లు వంతులేసుకొని తొడిగినవాళ్లం. అతనికి నా అంత పరుగు లేదు. కానీ తల ఎత్తకుండానే నేనెక్కడున్నానో అతనికి తెలిసేది. నన్ను చూసి ఫుల్‌బ్యాక్ వెనక్కి పోయేవాడు, ఆ ఖాళీలో నా దోస్తు బాల్ తీసుకునేవాడు. జిల్లాలో మేము గెలిచిన మ్యాచ్‌లన్నీ అట్లా గెలిచినవే.

ఆ రోజు మొదటి అరగంటలో బాల్ నా దగ్గరికి రెండే రెండుసార్లు వచ్చింది. షామియానా కింద సెలక్టర్లు కాగితాలు పట్టుకొని కూర్చున్నారు. నాకు టెన్షన్ మొదలైంది. వీళ్లు నన్ను చూడనే లేదు, ఇట్లానే గీత పక్కన నిలబడితే బస్సెక్కి ఇంటికి పోవడమే అనుకున్నాను. మా సారు బయటి నుంచి "గీత, గీత" అని అరుస్తూనే ఉన్నారు. వినపడలేదని అబద్ధం చెప్పను, వినపడింది. అయినా నడుమకు వచ్చాను. బాల్ దొరికింది. ఒకరిని దాటాను, ఇద్దరిని దాటాను. జనం చప్పట్లు కొట్టారు.

నేను వస్తే నా ఫుల్‌బ్యాక్ కూడా నా వెంటే వచ్చాడు. నా దోస్తు తిరిగే ఆ కాస్త జాగాలో ఇప్పుడు నేను, నా వెనక అతను, వాళ్ల హాఫ్‌బ్యాక్, అందరం. నా దోస్తు బాల్ అందుకొని తిరగబోతే కాలు అడ్డం. పాస్ ఇద్దామని కుడివైపు చూస్తే అక్కడ ఎవరూ లేరు. మూడుసార్లు బాల్ పోగొట్టుకున్నాడు. మూడోసారి పోయిన బాల్ నేరుగా మా గోల్ దాకా పోయింది. ఒకటి సున్నాతో ఓడిపోయాం.

సాయంత్రం లిస్టు చదివారు. నా పేరు ఉంది. నా దోస్తు పేరు లేదు.

బస్సులో చౌటుప్పల్ దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. చిట్యాలలో బస్సు ఆగితే దిగి, ఒక్క చాయ్ తీసుకొని సగం గ్లాసులో పోసి నాకిచ్చాడు. అప్పుడు అన్నాడు, "మూడుసార్లు తలెత్తి చూసిన రా. గీత మీద నువ్వు లేవు." అంతే, ఇంకేమీ అనలేదు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మరుసటి ఏడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనికి చేరాడు. నేను జర్సీ వేసుకొని తీసుకున్న ఫోటో మన ఇంట్లో గోడకు లేకపోవడం నువ్వు ఎప్పుడైనా గమనించావా? ఫోటో ఉంది. నేనే పెట్టెలో పెట్టాను.

లోపలికి అసలే రావద్దని నేను చెప్పడం లేదు. ఈ కాలపు వింగర్లు లోపలికి వస్తారు, గోల్స్ కొడతారు. ఎప్పుడు వస్తున్నావు, నువ్వు వస్తే ఆ గీత దగ్గరికి ఎవరు పోతున్నారు అన్నది చూసుకో. నీ వెనకున్న ఫుల్‌బ్యాక్ పక్క నుంచి పైకి పోతుంటే నువ్వు లోపలికి రా. ఆమె రాకపోతే, కోచ్ చెప్పకపోతే, బాల్ పది నిమిషాలు రాకపోయినా అక్కడే ఉండు. నిన్ను ఎవరూ చూడటం లేదని అనిపిస్తుంది. ఎదుటి జట్టు కోచ్ కళ్లు మాత్రం నీ మీదే ఉంటాయి.

గోల్ లైన్ దాకా పోయాక తల ఎత్తి చూడు. బాల్‌ను పైకి లేపి గోల్‌కీపర్ చేతుల్లో పెట్టకు. నేల మీద వెనక్కి కొట్టు. వాళ్ల డిఫెండర్లు సొంత గోల్ వైపు ఉరుకుతూ ఉంటారు, ఆగి తిరగలేరు. మన పిల్ల ఎదురుగా వస్తూ ఉంటుంది, బాల్ కన్నా వెనకే ఉంటుంది కాబట్టి ఆఫ్‌సైడ్ భయం కూడా ఉండదు. ఎదుటివాళ్లు మొదటి నుంచే పెనాల్టీ బాక్స్ ముందు గుంపుగా నిలబడితే నీ పరుగుకు జాగా దొరకదు, అప్పుడు పూర్తిగా ఆగి, ఆగినచోటి నుంచి మొదటి మూడడుగులు విసురుగా వెయ్యడం నేర్చుకో. బాల్ పోతే వెనక్కి ఉరుకు, దాని గురించి వేరే చెప్పను.

ఇక నాకు అన్నిటికన్నా భయం నీ తొడ గురించి. ఉరికేవాళ్లకు తొడ వెనక కండరం శత్రువు. స్టేట్ టీమ్‌లో రెండో మ్యాచ్ ముందు నాకు అక్కడ చిన్నగా పట్టేసింది. చెప్తే కూర్చోబెడతారని దాచాను. ఇరవయ్యో నిమిషంలో తెగినట్టు చప్పుడైంది, అక్కడితో నా ఆట అయిపోయింది. నువ్వు దాచకు. చిటుక్కుమన్నా చెప్పు. ఒక మ్యాచ్ పోతే పోనీ. రోజు విడిచి రోజు మోకాళ్ల మీద నిలబడి, ఎవరినైనా మడమలు గట్టిగా పట్టుకోమని, ఒంటిని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలు. తొడ గాయాలు దీనితో తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మాకు ఆ రోజుల్లో ఇది చెప్పినవాళ్లు లేరు.

నీళ్లు కూడా. నవ్వకు. మర్రిగూడెం దిక్కు బళ్లో నేను పీఈటీగా ఉన్నప్పుడు బెల్లు కొట్టగానే అందరికన్నా ముందు వేపచెట్టు ముట్టుకునే పిల్లోడు ఒకడుండేవాడు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు వాడి మోకాళ్లు వంకర తిరిగాయి. బ్రెజిల్ రైట్ అవుట్ గరించా కాళ్లు కూడా వంకరే, 1962 ప్రపంచ కప్‌లో పీలే గాయంతో కూర్చుంటే బ్రెజిల్‌ను కప్పు దాకా తీసుకుపోయింది ఆ కాళ్లేనని వాడికి చెప్పాను. వాడు నమ్మి ఇంకో ఏడాది ఉరికాడు, నొప్పితోనే. అలా చెప్పినందుకు ఇప్పటికీ నా మనసు ఒప్పదు. నువ్వు కృష్ణా నీళ్లు తాగి పెరిగిన బిడ్డవు. నీ కాళ్లు చక్కగా ఉన్నాయి. ఎక్కడికి పోయినా తాగే నీళ్లు ఎక్కడివో అడిగి తాగు.

నా దోస్తుకు పొద్దున్నే ఫోన్ చేసి నీ సంగతి చెప్పాను. ఇప్పుడు నడుము వంగదు, మెడ తిరగదు, మాట మాత్రం అదే. ఏ పక్క ఆడుతుంది అని అడిగాడు. కుడిపక్క అన్నాను. కాసేపు ఊరుకొని, "గీత మీద ఉంటదా?" అన్నాడు. ఉంటదని చెప్పాను.

నీ బస్సు ఎన్నింటికో మీ అమ్మతో చెప్పించు. అతను మిర్యాలగూడ నుంచి వస్తానన్నాడు. ఇద్దరం బస్టాండ్‌కు వస్తాం. సర్వపిండి చేయించి తెస్తాను, దారిలో తిను.

మీ తాత