సగం సిపాయి ఎవరి ఖాతాలోకి?

విజయనగరం

చిరంజీవి బుజ్జికి అత్త ఆశీర్వదించి రాయునది.

దసరా సెలవులకి నువ్వు ఇక్కడికొచ్చి హైస్కూలు పిల్లల చేత బొబ్బిలి యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలతో ఆడిస్తావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "దానికి ఉద్యోగం చాల్లేదేమో అక్కా" అని విసుక్కుంటూనే, రూల్స్ అన్నీ నువ్వే రాశావన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాడు. నువ్వు పంపిన ఫైలు ప్రింట్ తీయించి, పెన్సిలు పట్టుకుని చదివాను. గర్వంగానే ఉంది. ఆ సంగతి నువ్వొచ్చాక చెప్తాను. నా భయం మాత్రం ఇప్పుడే చెప్పాలి, మార్చుకోవడానికి నీకింకా టైముంది.

పాచికలు బల్ల కిందికి దొర్లిపోతాయి, అంచున్న పళ్లెంలో వేయించు. దూరాలు కొలిచేది అంగుళాల్లోనో సెంటీమీటర్లలోనో, ఏదో ఒకటే పెట్టు. హాల్లో ఇన్వర్టర్ ఉందో లేదో ముందే కనుక్కో. పైడితల్లమ్మ పండగలో తొలేళ్ల నాడు, సిరిమాను నాడు మాత్రం ఆట పెట్టకు, ఊళ్లో అడుగు తీసి అడుగు వేయలేవు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా పెన్సిలు ఆగింది తొమ్మిదో రూలు దగ్గర. "బలాన్ని సగం చేసినప్పుడు భిన్నం వస్తే దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి" అని రాశావు. చూడ్డానికి బాగానే ఉంది, పాఠ్యపుస్తకం మాటే. ఇప్పుడు అయిదుగురున్న దళం తీసుకో. ఎదుటివాళ్లు గోడ చాటున ఉంటే మన బలం సగం: రెండున్నర, నీ రూలు ప్రకారం 3. వానకి తుపాకి మందు తడిస్తే మళ్లీ సగం: ఒకటిన్నర, అంటే 2. అప్పుడొకడు లేచి, "సగంలో సగం పావు కదా మేడమ్, అయిదులో పావు ఒకటీ పావు, అంటే 1" అంటాడు. వాడి మాట తప్పని ఎలా అంటావు? రెండూ నీ రూలే. ఎప్పుడూ పైకే అనో, ఎప్పుడూ కిందికే అనో రాస్తే ఈ పేచీ రాదు. పైకి అయితే రెండు విడతలుగా చేసినా ఒకేసారి పావు చేసినా 2 వస్తుంది. కిందికి అయితే ఎలా చేసినా 1. కావాలంటే ఇంకో అంకెతో చేసి చూడు. దారి మారితే జవాబు మారేది ఆ 'దగ్గరి' అన్న మాట వల్లే.

ఇలాంటి బల్ల ఆటల్లో పేరున్నవి చాలావరకు ఏదో ఒక వైపు తేల్చేసుకున్నాయి. మీ బావ అల్మారా నిండా ఆ పుస్తకాలే, హైదరాబాదు వెళ్లినప్పుడు నాకు వేరే కాలక్షేపం లేక చదివాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో భాగించినప్పుడల్లా కిందికే, భిన్నం సగమైనా అంతకు మించినా సరే. వార్‌హామర్ 40,000లో పైకి. అందులో ఒకటి నాకు భలే నచ్చింది. ఒకటి నుంచి మూడు లోపు అంకె కావాలంటే ఆరు ముఖాల పాచికే వేసి, సగం చేసి, పైకి సవరిస్తారు. 1, 2 పడితే 1. 3, 4 పడితే 2. 5, 6 పడితే 3. మూడింటికీ సమాన అవకాశం. అదే కిందికి సవరిస్తే 1కి సున్నా వస్తుంది, 2, 3కి 1, 4, 5కి 2, ఒక్క 6కే 3. పాచిక అదే, న్యాయం పోయింది. సంభావ్యత పాఠంలో ఈ ఉదాహరణ ఒక్కటి పెడితే చాలు, సంచిలోంచి ఎర్ర బంతులూ నల్ల బంతులూ తీయక్కర్లేదు.

ఇప్పుడు తాత సంగతి. మా నాన్న పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో గుమస్తా అని నీకు తెలుసు. ఆ పద్దు పుస్తకం గొడవ మీ నాన్న నీకు చెప్పి ఉండడు, అప్పటికి వాడు మరీ పసివాడు. పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీశాక దాని మీది ఎర్ర పొట్టు ఒలిచే పని ఆడవాళ్లది. కూలి కేజీల లెక్కన. సాయంత్రం ఎవరి బుట్ట వాళ్లు పట్టుకుని కాటా దగ్గర వరసలో నిలబడేవారు. మా నాన్న అర కేజీకి తక్కువున్న గ్రాములు వదిలేసి రాసేవారు. ఆరు కేజీల నాలుగొందలుంటే ఆరు. ఆరు కేజీల తొమ్మిదొందలుంటే ఆరున్నర. ఆయన ఎవరి నోరూ కొట్టాలనుకోలేదమ్మా. అంతమంది ఆడవాళ్లు, ఇళ్లకి వెళ్లి వంట చేసుకోవాలి, చీకటి పడుతోంది, కూడికలు బేగి అవ్వాలి. పైగా ఆ పద్ధతి ముందున్న గుమస్తా పెట్టింది. "కొంచెం అటూ ఇటూ సర్దుకుపోతుంది" అనేవారు. అటు ఎక్కడుంది? అన్నీ ఇటే.

ఆ వరసలో ఒక ముసలామె ఉండేది, అందరూ అప్ప అనేవారు. కాటాలో వేసే తూకం రాళ్ల మీదే ఆమె కళ్లు. వదిలేసిన ప్రతి వంద గ్రాములకీ ఒక చింతపిక్క కొంగున ముడేసుకునేది. కూలిచ్చే రోజు ముడి విప్పి పిక్కలు కాటా పళ్లెంలో పోసింది. పంతొమ్మిది. "బాబూ, నాకు సదువు నేదు. ఇవన్నీ ఎక్కడికి పోయాయో నువ్వే సెప్పు" అంది. మా నాన్న నోట మాట లేదు. కేజీ తొమ్మిదొందలు. వారం మొత్తం కలిపి ఒక్కసారే వదిలి ఉంటే ఆమెకి పోయేది నాలుగొందల గ్రాములు. కేజీన్నర కూలి చేతికొచ్చేది.

అందరికీ లెక్క కట్టి ఇచ్చేద్దామని ఆ రాత్రి పుస్తకం ముందేసుకున్నారు. పుస్తకంలో గ్రాములేవీ? కాటా చూపించిన తూకం ఒక గడిలో, కూలికి లెక్కించేది పక్క గడిలో రాయాల్సింది. ఆయన సవరించిన అంకెనే తూకం అని రాసేశారు. పోయింది ఎంతో చెప్పే కాగితం ఎక్కడా లేదు, ఆ ఒక్క అప్ప కొంగున తప్ప. మా అమ్మ అన్నానికి పిలుస్తూనే ఉంది, ఆయన పేజీలు వెనక్కి తిప్పుతూనే ఉన్నారు. మర్నాటి నుంచి 'నిన్నటి మిగులు' అని ఇంకో గడి గీశారు. యజమాని కొన్నాళ్లు సణిగి ఊరుకున్నాడు. పాత బాకీ మాత్రం బాకీగానే ఉండిపోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, అప్ప కంటే ముందే కొందరు విరుగుడు కనిపెట్టారు. అక్కాచెల్లెళ్లు ఇద్దరి బుట్టలూ ఒకే పేరు మీద తూయించేవారు. రెండుసార్లు పోయే గ్రాములు ఒకసారే పోతాయి కదా. మేస్త్రి దాన్ని దొంగతనం అని తిట్టేవాడు. నీ బల్ల దగ్గర పిల్లలు ఇదే తెలివి తిరగేసి చూపిస్తారు. పైకి సవరించే రూలు పెట్టావనుకో, పదిమంది దళాన్ని ఒక్కొక్కరుగా పది దళాలు చేస్తారు. గోడ ఎదురైనా ఒక్కడి సగం పైకి సవరిస్తే ఒక్కడే, పదిమందీ పదిమందిలాగే ఉంటారు. బుద్ధిగా ఒకే దళంగా ఉంచినవాడికి అయిదు. కిందికి పెడితే ఒంటరి సిపాయి సున్నా అయిపోయి, చిన్న దళం తీసుకున్న పిల్ల ఏడుస్తుంది. నన్నడిగితే పైకే పెట్టు, కానీ దళంలో నలుగురికి తగ్గకూడదని రాయి. పారిపోయే రూలుకి 'సగానికి సవరించి' అనకు, 'సగం కంటే తక్కువ మిగిలితే' అను. అయిదుగురిలో ఇద్దరు మిగిలితే పారిపోతారు, ముగ్గురుంటే నిలబడతారు, సవరించే పనే లేదు. వార్‌హామర్ వాళ్లూ అక్కడ ఇలాగే తప్పించుకున్నారు. స్కోరు కాగితంలో అసలు బలానికి వేరే గడి ఉండి తీరాలి, రెండున్నర అయితే రెండున్నర అనే రాయించు. పాచిక వేసేముందు ఒక్కసారే సవరించాలి.

నా చాదస్తం అనుకుంటావేమో. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1982లో తన సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. లెక్క కట్టినప్పుడల్లా మూడో దశాంశ స్థానం తర్వాతది సవరించకుండా కోసేసేవారు. రోజుకి వేలసార్లు. 1983 నవంబరుకి సూచీ 524 దగ్గరికి దిగజారింది. సరిగ్గా కట్టి చూస్తే 1098 పైన ఉంది. కంప్యూటరున్న చోటా తాత పుస్తకం గొడవే.

ఫైలు చివర "ఈ ఆటతో లెక్కలంటే భయం పోతుంది" అని రాశావు. అది కొట్టెయ్. భయం అంత సులువుగా పోయేదైతే నేను ఇన్నేళ్లు బడిలో ఏం చేసినట్టు? ఎక్కాలు ముందా, అర్థం ముందా అని అమెరికాలో 1990లలో పెద్ద రగడే జరిగింది, మ్యాథ్ వార్స్ అన్నారు దాన్ని. మన 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక అయితే పిల్లల ఆలోచననే గణితం వైపు తిప్పాలంది. నేను ఏ పార్టీ కాదు. ఎక్కాలు రాని పిల్లకి నీ ఆటలో వరస వచ్చేసరికి మిగతావాళ్లు ఆవులిస్తారు. ఎక్కాలొక్కటే వచ్చిన పిల్ల ఏం చేస్తుందో కూడా తెలిసిందే. అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లల్ని అడిగారు: బస్సుకి 36 మంది సైనికులు, మొత్తం 1128 మంది, ఎన్ని బస్సులు? 29 శాతం "31, శేషం 12" అని రాశారు. 18 శాతం 31 అన్నారు. 32 అన్నది 23 శాతమే. భాగహారం చాలామందికి వచ్చు. ఆ పన్నెండుగురూ రోడ్డు మీద నిలబడి ఉన్నారని మాత్రం తట్టలేదు. నీ బల్ల మీద సైనికుడు కంటికి కనిపిస్తాడు, అదే నీ ఆటలో ఉన్న అసలు మంచి. ఆ మాట రాయి.

ఇంకొకటి, మన పిల్లలు తప్పకుండా అడుగుతారు. లెక్కల క్లాసులో 2.5 అంటే 3. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్‌లో 5 ముందున్నది సరి సంఖ్య అయితే వదిలెయ్, బేసి అయితే ఒకటి కలుపు, అంటే 2.5కి 2, 3.5కి 4. నువ్వు రోజూ వాడే కంప్యూటరు భాష పైథాన్ కూడా అంతే చెప్తుంది. ఎప్పుడూ పైకే తోస్తే మొత్తం పెరుగుతుందని, సగం సగం పంచడానికి పెట్టుకున్నారు. "లెక్కల సార్ తప్పా, ఫిజిక్స్ సార్ తప్పా" అని అడిగిన పిల్లల్ని నోరు మూసుకోమనడం నేను బళ్లో చూశాను. నువ్వు అలా అనకు. ఇద్దరికీ వేర్వేరు అవసరాలు, ఇద్దరూ ముందే చెప్పి ఆడుతున్నారు, అని చెప్పు.

అసలు టెన్షన్ ఆఖర్న రాస్తున్నాను. మా అత్తవారిది బొబ్బిలి, కాపురం విజయనగరంలో. ఆ యుద్ధం జరిగిన 1757 జనవరి 24 గురించి భోజనాల దగ్గర ఎత్తితే ఇప్పటికీ కంచాలు చప్పుడవుతాయి. పైడితల్లమ్మని అప్పటి విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలిగా కొలిచే ఊళ్లో, ఆ పండగ రోజుల్లోనే నువ్వు ఆయన బొమ్మని బల్ల మీద నిలబెడతానంటున్నావు. పిల్లలేమీ అనరు, వాళ్ల తాతలు వస్తారు. రెండు వైపులా ఒక్కో ఆట మార్చి ఆడించు, ఏ పిల్లా ఒకే పక్షంలో ఉండకూడదు. కోటలో ఆడవాళ్లకి, పసివాళ్లకి బొమ్మలు చేయించకు. ఆ రోజు లోపల జరిగిన దానికి పాచికలు వేయకూడదు తల్లీ, నా మాట విను. మరీ గొడవనిపిస్తే పద్మనాభం యుద్ధం తీసుకో, 1794 జులై 10. ఎదుటివాడు ఈస్టిండియా కంపెనీవాడు, ఎవరికీ పట్టింపుండదు.

తొమ్మిదో రూలు మార్చి ముందు నాకు పంపు. మీ బావకి పంపకు, వాడు అన్నీ బాగున్నాయంటాడు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. హాలు అద్దె డబ్బులు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

ఆశీస్సులతో,
అత్త