పూర్వ విద్యార్థుల ఆఫీసులో ఉద్యోగం: పై మెట్లు ఉన్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ తర్వాత ఎంబీఏ చేసి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల విభాగంలో మూడేళ్లుగా పనిచేస్తోంది. ఏటా అలుమ్నై మీట్ జరిపించడం, వాట్సాప్ గ్రూపులు చూసుకోవడం, న్యూస్‌లెటర్ పంపడం ఆమె పని. ఇప్పుడు విరాళాల సేకరణ కూడా అప్పగిస్తామంటున్నారు. 'చందాలు వసూలు చేసే ఉద్యోగమేమిటి, ఐటీకి మారమనండి' అంటున్నారు బంధువులు. అమ్మాయేమో ఈ రంగంలోనే పైకి వెళ్తానంటోంది. నిజంగా పైస్థాయి అంటూ ఉందా? ఉంటే దారేది? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: పైస్థాయి ఉందండి. కానీ మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్న పనినే మరో పదేళ్లు ఇంతకంటే బాగా చేసినా అక్కడికి చేరదు. మీట్‌లు జరిపించడంలో ఎంత పేరొచ్చినా ఈవెంట్ మేనేజర్‌గానే మిగిలిపోతారు. ఒక విరాళాన్ని మొదటి పరిచయం నుంచి, ఆ డబ్బు ఖర్చయిన లెక్క దాత చేతికి అందేదాకా నడిపించగలిగినవాళ్లే విభాగాధిపతులవుతారు. అందుకే విరాళాల పని అప్పగిస్తామంటే కాదనవద్దు. కొన్ని షరతులు అడిగి మరీ ఒప్పుకోవాలి. అవేమిటో తర్వాత చెబుతాను.

ముందు 'చందాలు' అన్న మాట సంగతి. చందా అంటే ఎదురుపడినవాళ్లను అడగడం, ఇచ్చినంత పుచ్చుకోవడం. యూనివర్సిటీకి వచ్చే పెద్ద విరాళం అలా రాదు. బాపట్లలో పుట్టిన పారిశ్రామికవేత్త కృష్ణ చివుకుల 1970లో ఐఐటీ మద్రాస్‌లో ఎంటెక్ పూర్తిచేశారు. ఆ సంస్థకు రూ.228 కోట్లు ఇచ్చింది 2024లో. పట్టాకూ విరాళానికీ మధ్య 54 ఏళ్లు. ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని 1973లో ఐఐటీ బొంబాయిలో చేరారు. అలా చేరి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2023లో రూ.315 కోట్లు ఇచ్చారు. అంతకుముందు ఇచ్చిన రూ.85 కోట్లతో కలిపి అది రూ.400 కోట్లయింది. ఇలాంటి విరాళాలు అడిగిన రోజున పుట్టవు. అన్నేళ్లలో డైరెక్టర్లు ఎందరో మారతారు, ఆఫీసు సిబ్బంది మారతారు. పూర్వ విద్యార్థి ఎక్కడున్నారు, దేని మీద మనసుంది, గతంలో ఇచ్చినదానికి ఏం జవాబు పంపాం అన్న రికార్డు మాత్రం చెక్కుచెదరకూడదు. ఆ రికార్డును, ఆ నమ్మకాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి భద్రంగా దాటించే వృత్తి ఇది. బంధువులకు ఈ మాట చెప్పండి.

ఇక మెట్ల సంగతి. ఐఐటీలు, కేంద్ర, రాష్ట్ర యూనివర్సిటీల్లో ఈ విభాగం పై కుర్చీ సాధారణంగా ప్రొఫెసర్‌దే. డీన్ హోదాలో కొన్నేళ్లు చూసి మళ్లీ క్లాసుకు వెళ్లిపోతారు. బోధన వైపు లేనివారికి ఆ కుర్చీ అందదు. అయితే ఐఐటీ మద్రాస్ లాంటి చోట విరాళాల సేకరణకే ప్రత్యేక ఆఫీసు పెట్టి, దాని రోజువారీ నాయకత్వాన్ని ఈ వృత్తివారికే ఇస్తున్నారు. దాతల విరాళాల మీద నిలిచిన సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీ, మన శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీ, గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ వంటి ప్రైవేటు సంస్థల్లో ఈ పనికి విలువ ఎక్కువ. అమెరికాలో ఇది మరీ పాతుకుపోయిన వృత్తి. అక్కడ 'అడ్వాన్స్‌మెంట్' (పూర్వ విద్యార్థుల సంబంధాలు, విరాళాల సేకరణ) వైస్ ప్రెసిడెంట్ నేరుగా యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కే జవాబు చెబుతారు. ఆ కింద వార్షిక విరాళాలు, పెద్ద విరాళాలు, దాతల గురించిన పరిశోధన, దాతలకు నివేదికలు... ఒక్కోదానికి ఒక్కో జట్టు ఉంటుంది. మన దగ్గర ఈ నాలుగూ ఒకరిద్దరి నెత్తిన పడతాయి. భారమే, కాని నేర్చుకునే వయసులో అదే లాభం కూడా.

నేర్చుకోవాల్సిన మొదటి పని లెక్క. రూ.10 కోట్ల హాస్టల్ కట్టాలనుకుందాం. 'మనకు 10 వేలమంది పూర్వ విద్యార్థులున్నారు, తలా పదివేలు వేసుకుంటే చాలు' అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. గుణిస్తే సరిగ్గా సరిపోతుంది, ఆచరణలో ఎప్పుడూ జరగదు. చాలామందికి మెయిలే అందదు. అందినవారిలో ఎక్కువమంది స్పందించరు. పైగా, రూ.కోటి ఇవ్వగలిగిన మనిషి కూడా అడిగిన పదివేలు ఇచ్చి తన వంతు అయిపోయిందనుకుంటారు. అసలు పద్ధతి పైనుంచి కిందికి. రూ.2 కోట్లది ఒకటి, కోటివి రెండు, 50 లక్షలవి నాలుగు, 20 లక్షలవి పది, 5 లక్షలవి ఇరవై. ఈ 37 విరాళాలతో 9 కోట్లవుతాయి. మిగిలిన కోటి చిన్న మొత్తాలుగా వస్తుంది. ఒక్కో పెద్ద విరాళానికి ముగ్గురు నలుగురు దాతలను చూసిపెట్టుకోవాలి కాబట్టి 110 నుంచి 150 మంది జాబితా కావాలి. ఆ జాబితా ఒక కొలిక్కి రాకముందే బ్రోచర్ అచ్చువేసి సభ పెడితే ఆ సభే చివరి సభ అవుతుంది. సగం పైచిలుకు మొత్తం హామీగా చేతికొచ్చాకే బయటికి ప్రకటించడం ఈ వృత్తిలో మొదటి కట్టుబాటు.

రెండోది శాశ్వత నిధి. ఇంగ్లిష్‌లో ఎండోమెంట్ అంటారు కాని మనవాళ్లకు ఆ మాట వినగానే దేవాదాయ శాఖ గుర్తొస్తుంది. నిజానికి సూత్రం ఒకటే. గుడిలో శాశ్వత అన్నదానానికి కట్టిన సొమ్ములో అసలు కదలదు, వడ్డీతో ఏటా మీరు చెప్పిన రోజున అన్నం పెడతారు. స్కాలర్‌షిప్ కూడా అంతే. రాబడిలో కొంత అసలుకే కలుపుతూ ఏటా 4 శాతం ఖర్చుపెడతామనుకుంటే, సంవత్సరానికి రూ.లక్ష స్కాలర్‌షిప్‌కు రూ.25 లక్షల నిధి కావాలి. చాలా కాలేజీలు రూ.5 లక్షలు తీసుకుని 'ప్రతి ఏటా లక్ష మీ నాన్నగారి పేరున' అని ఒప్పుకుంటాయి. ఆరో ఏటికి డబ్బుండదు, దాత ఫోను మాత్రం వస్తుంది. ఒప్పుకోకముందే ఈ లెక్కను దాత ముందు కాగితం మీద వేసి చూపించగలగడం నాయకత్వ లక్షణం. ఒప్పందపత్రంలోనే వాయిదాలెన్ని, పేరు ఎంతకాలం ఉంటుంది, ఎంపిక కమిటీలో దాతకు ఓటు ఉండదన్న మాట, రేపు ఆ కోర్సే ఎత్తేస్తే నిధి దేనికి మళ్లుతుంది అన్నవి రాసుకోవాలి. ఈ చివరి వాక్యం లేని ఒప్పందాలే ఇరవై ఏళ్ల తర్వాత కోర్టుకెక్కుతాయి.

మూడోది చట్టం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

విరాళమిచ్చినవారికి ఆదాయపు పన్ను తగ్గించే, అందరూ 80జీ అని పిలిచే మినహాయింపు సంస్థకు ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో ముందు చూడాలి. రూ.2 వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోపు దాతల పేర్లు, పాన్ నంబర్లతో సంస్థ పన్ను శాఖకు వివరాలు దాఖలు చేసి, ధ్రువపత్రం ఇవ్వాలి. పాన్ ఒక్క అక్షరం తప్పు పడినా దాత క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఆ కోపం మళ్లీ విరాళం ఇవ్వనంతవరకూ వెళ్తుంది. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకైతే ఈ మినహాయింపే వర్తించదు. కాబట్టి 'పన్ను ఆదా' అంటూ మెయిల్ మొదలుపెట్టడం ఇప్పుడు తెలివైన పని కాదు.

విదేశాల నుంచి వచ్చే డబ్బు మరీ సున్నితం. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే బ్యాచ్‌లోని స్నేహితుడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా సరే, ఆయనిచ్చేది విదేశీ విరాళమే. దానికి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే చేరాలి. అందులో పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ కిందికి వచ్చే ఐఐటీల వంటి సంస్థలకు ఎఫ్‌సీఆర్‌ఏ నుంచి మినహాయింపు ఉంది. ప్రైవేటు ట్రస్టులు, సొసైటీలకు లేదు. వెబ్‌సైట్‌లో పెట్టే పేమెంట్ లింకే ఇక్కడ అసలు ప్రమాదం. అది ఏ దేశపు కార్డునైనా తీసేసుకుంటుంది. చెల్లింపు పేజీలోనే 'మీ పాస్‌పోర్టు ఏ దేశానిది' అని అడిగి, దాన్నిబట్టి దారి మళ్లించాలి. అమెరికాలోని తానా వంటి తెలుగు సంఘాల మహాసభలకు వెళ్లినప్పుడు పక్క గదిలో మన కాలేజీల పూర్వ విద్యార్థులు కలుస్తారు, ఉత్సాహంగా హామీలిస్తారు. వాళ్లలో చాలామంది అమెరికా పౌరులు. పైగా అక్కడ పన్ను మినహాయింపు, ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ జోడించే సమాన విరాళం కావాలంటే అమెరికాలో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ద్వారానే ఇవ్వాలి. ఆ ఏర్పాటు లేకుండా వెళితే ఫొటోలు మిగులుతాయి.

కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) సొమ్ము వేరే శాస్త్రం. 2021 జనవరిలో నిబంధనలు మారాక శాశ్వత నిధికి ఇచ్చేది సీఎస్సార్ ఖర్చుగా చెల్లదు. అయినా 'మా కార్పస్‌కు (శాశ్వత నిధికి) సాయం చేయండి' అని ప్రతిపాదనలు పంపుతూనే ఉంటారు, అవి మొదటి వడపోతలోనే పోతాయి. సామగ్రి, ల్యాబ్, ఫలానా ఏడాది ఇంతమందికి స్కాలర్‌షిప్ అని ప్రాజెక్టుగా రాయాలి. మార్చిలో పరుగెత్తడం కాకుండా, కంపెనీల ఏడాది ప్రణాళిక ఖరారయ్యే ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే వెళ్లాలి.

ఇప్పుడు షరతుల మాట. విరాళాల పని తీసుకునేముందు మీ అమ్మాయి తన పైవారిని అడగాల్సినవి: నెలకొకసారి వైస్ ఛాన్సలర్‌తో ముప్పావు గంట సమయం దొరుకుతుందా? విరాళాల ఖాతా లెక్కలు తాను చూడొచ్చా? పూర్వ విద్యార్థుల సంఘం వేరే సొసైటీగా, వేరే ఖాతాతో ఉంటే దానికీ యూనివర్సిటీకీ రాతపూర్వక ఒప్పందం ఉందా? సంఘమూ యాజమాన్యమూ ఒకే దాతను వేర్వేరుగా అడిగి, ఇద్దరూ పోగొట్టుకోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలే. కాలేజీల నాణ్యతను తూచే నాక్ మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యాన్నీ చూస్తూ వచ్చారు కాబట్టి చాలా కాలేజీలు సంఘాన్ని కాగితం మీద నడుపుతాయి. ఈ మూడు ప్రశ్నలకూ 'చూద్దాం' అన్నదే సమాధానమైతే అక్కడ ఎదుగుదల లేదు. ఏడాదిలో వేరే సంస్థ చూసుకోవాలి.

'తెచ్చినదాంట్లో ఇంత శాతం నీకు' అని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోవద్దనండి. ఈ వృత్తి అంతర్జాతీయ నియమావళి కమీషన్‌ను నిషేధిస్తుంది. కారణం కూడా న్యాయమైనదే. దాత ఇంకా సిద్ధంగా లేకపోయినా తొందరపెట్టేలా చేస్తుంది కమీషన్. నిర్ణీత జీతం, ఏడాది పనితీరుకు బోనస్ అడగొచ్చు.

ఒప్పుకున్నాక మొదటి ఆరు నెలలు డబ్బు అడగకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో చెల్లాచెదురైన వివరాలను ఒకే డేటాబేస్‌లోకి తేవాలి. డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి సమ్మతి తీసుకునే చేర్చాలి. ప్రతి బ్యాచ్ నుంచీ మాట చెల్లే ఇద్దరిని గుర్తించాలి. వారానికి ముగ్గురిని స్వయంగా కలిసి, వినివచ్చి, ఆ రోజే అర పేజీ నోట్ రాసిపెట్టాలి. గతంలో విరాళమిచ్చినవారికి వారి డబ్బు ఏమైందో లేఖ పంపాలి. చాలాచోట్ల ఈ ఒక్క లేఖతోనే రెండో విరాళానికి తలుపు తెరుచుకుంటుంది. ఏడో నెల నుంచి రజతోత్సవం దగ్గరపడిన ఒక్క బ్యాచ్‌ను తీసుకుని, ఒక్క లక్ష్యంతో అడగాలి. అడిగేది ఆమె కాదు, ఆ బ్యాచ్‌లోనే ముందుగా తాను ఇచ్చిన మనిషి. ఆమె పని ఆ మనిషిని సిద్ధం చేయడం. ఏడాదిన్నర నాటికి చేతిలో పూర్తయిన విరాళాలు మూడు నాలుగున్నా చాలు, ఇంటర్వ్యూలో అడిగేది వాటి గురించే.

చదువు విషయానికొస్తే ఇంకో డిగ్రీ అవసరం లేదు. సామాజిక రంగంలో పనిచేసేవారికి శిక్షణ ఇచ్చే ఐఎల్‌ఎస్‌ఎస్ వంటి సంస్థలు ఉద్యోగం చేస్తూ చదివే విరాళాల సేకరణ కోర్సులు నడుపుతున్నాయి. విరాళాల సేకరణ వృత్తివారికిచ్చే సీఎఫ్‌ఆర్‌ఈ అనే అంతర్జాతీయ ధ్రువీకరణకు 36 నెలల వృత్తి అనుభవం కావాలి కాబట్టి దాన్ని తర్వాత ఆలోచించవచ్చు. బ్యాలెన్స్ షీట్ చదవడం మాత్రం ఇప్పుడే నేర్చుకోవాలి. పారిశ్రామికవేత్తతో కూర్చున్నప్పుడు ఆయన కంపెనీ గత మూడేళ్ల లాభాలు తెలియకపోతే సంభాషణ మర్యాదల దగ్గరే ఆగిపోతుంది.

ఐటీతో పోలిస్తే మొదటి ఏడెనిమిదేళ్లు జీతం వెనకబడే అవకాశం ఎక్కువ. ఇంటి మీద అప్పుంటే, ఆమె జీతమే ఆధారమైతే, ఆ సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ ఒత్తిడి లేకపోతే మీ అమ్మాయిని ఆపకండి. ఈ వారం ఆమెతో కూర్చుని, పైన చెప్పిన మూడు ప్రశ్నలను మెయిల్‌గా రాయించండి. విరాళాల పనికి ఒప్పుకుంటున్నట్టు చెప్పే మెయిల్‌లోనే అవి ఉండాలి.